పట్టు వదలని వేళ్లు

మా అమ్మ ఏదైనా పట్టుకుంటే వెంటనే వదలలేకపోయేది. చేదతాడు, గరిటె, దువ్వుతూ పట్టుకున్న నా జడ. ఆత్రేయపురంలో అందరూ ఆవిడది పిసినారి చెయ్యి అని నవ్వేవారు. నలభై దాటాక నా వేళ్లూ అలాగే అయ్యాయి. అప్పటికి అమ్మా లేదు, మా ఆయనా లేరు. ఒక్కగానొక్క కూతురు జంగారెడ్డిగూడెంలో కాపురం చేసుకుంటోంది. నాకు తెలియాల్సింది ఒకటే: ఇది అమ్మ జబ్బేనా, నా కూతురికీ వస్తుందా?

మొదటి డాక్టరుగారి దగ్గరికి పూతరేకులు తీసే పొయ్యి ముందు నుంచి లేచి తిన్నగా వెళ్లాను. బోర్లించిన కుండ వేడికి నా వేళ్లు వదులవుతాయన్న సంగతి నాకు తోచలేదు. ఆయన చేతుల వంక ఒకసారి చూసి, "బాగానే ఉన్నాయిగా" అన్నారు. అమ్మ సంగతి చెబితే, వంశంలో వచ్చే ఒక కండరాల జబ్బేమోనని రక్తం హైదరాబాదు పంపారు. ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచుకున్నాను. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

వేళ్లు మాత్రం మారలేదు. చలికాలంలో ఒక పొద్దున బస్సెక్కి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రాజమండ్రి వెళ్లాను. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మగారు కాగితం పక్కన పెట్టి, ముందు చెయ్యి చాచారు.

"నా వేళ్లు గట్టిగా పట్టుకోండమ్మా. ఊఁ, ఇక వదలండి."

వదలలేకపోయాను. "ఏమీ అనుకోకండి, మా వంశానివి పిసినారి చేతులండి."

"ఎవరన్నారు ఆ మాట? మీరు వదిలారు, మీ కండ వదలట్లేదు. మీ అమ్మగారికీ ఇంతేనా?"

చిన్న సుత్తితో బొటనవేలి మొదట్లో తట్టారు. వేలు లోపలికి ముడుచుకుని, బతిమాలితే వచ్చినట్టు నిదానంగా వెనక్కి వచ్చింది.

"మరి రక్తంలో ఏం లేదన్నారు కదండీ?"

"అది అబద్ధం కాదమ్మా. వాళ్లు వెతికింది వేరే జబ్బు. ఇప్పుడు దీన్ని వెతకమందాం."

ఈసారి ఉందని వచ్చింది. కూతురికి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

వయోజన విద్యాకేంద్రంలో నేర్చుకున్న అక్షరాలతో అప్పటిదాకా సంతకం పెట్టడం, బస్సు బోర్డులు చదవడమే. కూతురికి రాసిందే నా మొదటి ఉత్తరం. 'అమ్మడూ, పొద్దున్నే చన్నీళ్లలో చేతులు తడిపి, పిడికిలి బిగించి విప్పి చూసుకో. డాక్టరు దగ్గరికి వేడి చేతులతో వెళ్లకు. నేను ఆ పొరపాటే చేశాను.'

పోస్టు డబ్బాలోకి ఉత్తరం సగం పెట్టాను. వేళ్లు వదలలేదు. తొందరపెట్టడానికి వెనక ఎవరూ లేరు. విప్పుకునేదాకా అలాగే నిలబడ్డాను.