ఉడకబెట్టకూడని గుడ్డ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, శ్రావణ మాసం. పెడనలో మా కలంకారీ షెడ్డు ముందు కాలువ నిండుగా పారుతోంది. ఎండ మాత్రం అప్పుడప్పుడూ ముఖం చూపించి పోతోంది. అద్దకం పనికి పారే నీరూ ఎండా రెండూ కావాలి. అలాంటి రోజుల్లో, అంతకుముందెన్నడూ చేయని పని ఒకటి ఒప్పుకున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ అద్దకమూ రెండూ మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. ఆ భిక్షతోనే ఇన్నాళ్ళూ బతుకుతున్నాను. గుడివాడ అమ్మాయి లావణ్య వచ్చి, హైదరాబాదులో వీడియో గేముల కంపెనీలో పనిచేస్తున్నానంటే మాతో ఏం పనో అర్థం కాలేదు. తనే చెప్పింది. వాళ్ళ గేము ‘ఏడు రేవులు’. పడవ నడిపే ఒక పిల్ల, తప్పిపోయిన అన్న కోసం రేవు రేవూ తిరుగుతుంది. మూడు భాగాలు వచ్చాయట. బొమ్మల సీరియల్ కూడా తీశారట. ఇప్పుడు బొమ్మల పుస్తకం వేస్తున్నారు. కథలో ఆ పిల్ల దగ్గరున్న గుడ్డని వేడినీళ్ళలో ముంచితే దారి కనబడుతుంది. పుస్తకంతో పాటు అలాంటి గుడ్డ నిజంగానే ఇవ్వాలని లావణ్య ఆలోచన.

"నిజంగా అవుతుందా అక్కా?"

"మేం రోజూ చేసేది అదేగా," అన్నాను.

మా అద్దకంలో నలుపు అద్దగానే కనబడుతుంది. ఎరుపు అలా కాదు. ఎర్రగా రావలసిన చోట పటిక ముద్ద అద్దుతాం. దాన్ని మోర్డంట్ అంటారు, రంగును గుడ్డకి పట్టించే మందన్నమాట. ఆరబెట్టి కాలువలో జాడించాక అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. మంజిష్ఠ వేరు వేసి ఉడకబెడితేనే ఎరుపు తేలుతుంది. లావణ్యకి కావలసింది ఉడకబెట్టని గుడ్డ. సముద్రం, దీవులు నల్లగీతల్లో ఉంటాయి. దారి పటికలో దాగి ఉంటుంది. పుస్తకంతో వచ్చే మంజిష్ఠ పొడి వేసి పిల్లలే ఇంట్లో మరిగించుకుంటారు. ఈ సంగతి పుస్తకం వచ్చేదాకా పనివాళ్ళకి కూడా తెలియకూడదని నా దగ్గర మాట తీసుకుంది.

వెళ్ళేముందు, "మావాళ్ళు కాగితం మ్యాపు చాలన్నారక్కా. నేనే పట్టుబట్టాను. ఇది చెడితే ఇక అక్కడ నా మాట ఎవరూ వినరు," అంది.

గుడ్డలన్నీ అద్ది, జాడించి, ఆరబెట్టాం. మా షెడ్డులో ఉడకబెట్టే పని సుబ్బారావు బాబాయిది. "వీటిని ఉడకబెట్టకు బాబాయ్," అని చెప్పి, మంజిష్ఠ పొడి కోసం బందరు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాగి కాగు పొగలు కక్కుతోంది. కాలువ గట్టంతా ఎర్రటి దారులు.

"ఎండొచ్చిందమ్మాయ్. మళ్ళీ మబ్బేస్తుందని పొద్దున్నే పొయ్యి అంటించా," అన్నాడు సంతోషంగా.

"వద్దన్నాను కదా బాబాయ్."

"ముసురని వద్దన్నావనుకున్నా. పటిక అద్దిన గుడ్డని ఉడకబెట్టకుండా ఎవరన్నా వదిలేస్తారా? పీటల మీంచి పెళ్ళికూతుర్ని లేపినట్టు."

అంత చక్కటి ఎరుపు ఆ ఏడాదిలో చూడలేదు. కానీ ఆ గుడ్డలేవీ ఇక లావణ్యకి పనికిరావు. లావణ్యకి ఫోన్ చేసి చెప్పాను. "ఒక్కటి కూడా మిగల్లేదా?" అంది.

మర్నాడు పొద్దున్నే పామర్రు మీదుగా బస్సులో వచ్చేసింది. పుస్తకాలు అచ్చయిపోయాయి, వారంలోగా గుడ్డలు అందకపోతే కాగితం పెట్టేస్తారట. ఇడ్లీ పెడితే ముట్టుకోలేదు. గుడ్డలు పనికిరాకుండా పోయాయని తెలిసి బాబాయి కూడా అన్నం మానేసి మూల కూర్చున్నాడు. నేను దేవుడి ముందు నిలబడ్డాను గానీ ఏం అడగాలో తెలియలేదు.

నేను బయటికి వచ్చేసరికి లావణ్య బాబాయి పక్కన కూర్చుని ఫోన్ తీసింది. "తాతయ్యా, ఇలా చూడండి." పడవలో పిల్ల గుడ్డని వేడినీళ్ళలో ముంచింది. ఎర్రటి దారి మెల్లగా పైకి తేలింది. పనివాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఇంతకీ అన్న దొరుకుతాడా?" అంది అచ్చులేసే నాగమణి.

"అది చెప్పకూడదండీ."

"దారంతా మేం అద్దాం, మాకు చెప్పకూడదా?"

లావణ్య ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. బాబాయి మాత్రం తల పంకించి, "అయితే ఉడకబెట్టేది పిల్లలన్నమాట. ఆ ముక్క ముందే చెబితే నేనెందుకు చేస్తాను?" అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాం. బాబాయి కాగు మీద బల్ల వేసి దాని మీదే కూర్చున్నాడు, ఎవరూ పొయ్యి అంటించకుండా. పటిక ఆరుతుండగా ఒక్కసారిగా జల్లు పడింది. అందరం గుడ్డలు గుండెకి హత్తుకుని లోపలికి పరుగెత్తాం. తడికి పటిక పాకితే దారి అలుక్కుపోతుంది. పాకిందో లేదో కంటికి కనబడదు. చూడాలంటే ఉడకబెట్టాలి, ఉడకబెడితే ఆ గుడ్డ ఇక పనికిరాదు.

జాడించి ఆరబెట్టాక, వాన ఎక్కువ తగిలిన వాటిలోంచి ఒక గుడ్డ తీసి మా వంటింట్లో స్టీలు గిన్నెలో మంజిష్ఠ పొడితో పొయ్యి మీద పెట్టాం. నీళ్ళు ఎర్రబడ్డాయి. గుడ్డ మాత్రం అలాగే ఉంది. లావణ్య నా చెయ్యి పట్టుకుంది. గుమ్మంలోంచి బాబాయి, "కదపొద్దు," అన్నాడు. మొదటి రేవు దగ్గర సన్నగా ఒక గీత లేచింది. అక్కడి నుంచి మలుపు తర్వాత మలుపు, చెదరకుండా చివరి రేవు చేరింది.

ఆ ఒక్కటే చూశాం. మిగతావన్నీ చూడకుండానే, దేవుడి మీద భారం వేసి పంపాం.

పుస్తకం వచ్చాక లావణ్య ఒక వీడియో పంపింది. ఎవరింట్లోనో పొయ్యి మీద గిన్నె. "ఏం రావట్లేదమ్మా," అంటోంది ఒక పాప. అంతలోనే కెవ్వుమంది. బాబాయి దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకు చూసి, "ఇంకో పొంగు రానిస్తే బాగుండేది," అన్నాడు.

అప్పటి నుంచి ఏ పని వచ్చినా ముందు అందరినీ కూర్చోబెడతాను. ఆ గుడ్డ ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్ళు దానితో ఏం చేస్తారో చెప్పాకే అచ్చు పట్టుకుంటాం. చెప్పడానికి వీల్లేదనే పనిని దణ్ణం పెట్టి వదులుకుంటాను.