నల్ల ఉన్నిదూడ

మా ఊళ్లో పిల్లలు ఆడుకునే బొమ్మంటే మట్టిదో కొయ్యదో. కడుపులో ఏదైనా కూరి చేసిన జంతువు మాత్రం మాకు తెలిసింది ఒకటే, గడ్డిదూడ. గేదెను మా వైపు ఎనుము అంటాం. ఎనుముకు పుట్టిన దూడ చచ్చిపోతే దాని తోలు వలిపించి, లోపల ఎండుగడ్డి కూరి, కుట్టి, పాలు పితికే వేళకు తల్లి ముందు నిలబెట్టేవాళ్లు. తల్లి దాన్ని వాసన చూసి, నాకి, చేపేది. అంటే పొదుగులోకి పాలు దిగేవి. దూడ కంటికి కనబడకపోతే ఎనుము ఎంత మేపినా పాలు బిగబట్టేస్తుంది.

కాబట్టి పెనుకొండ రైల్వే క్వార్టర్సులో, స్టేషను మాస్టరు భార్య ఇంట్లో, అద్దాల బీరువాలో వరసగా కూర్చోబెట్టిన ఊలు జంతువుల్ని చూసి నేను అడిగిన ప్రశ్న నాకైతే సహజంగానే తోచింది.

"వీటి అమ్మలు యాడుండాయి?"

యాభైలు పోయి అరవైలు వచ్చిన కొత్త. నాకు పదకొండో పన్నెండో. మా ఊరు స్టేషనుకు కూతవేటు దూరం. అవ్వ పంపిన పెరుగుముంత ఆమెకు ఇచ్చి రావడం నా పని. ఆమె బెజవాడ వైపు మనిషి, ఊళ్లో అందరూ టేషనమ్మ అనేవాళ్లు.

"అమ్మలేమిటి అమ్మాయ్! బొమ్మలివి. నేనే అల్లాను," అంది నవ్వుతూ.

"ఊరికే ఎవరన్నా కూరతారా? బిడ్డలు సచ్చిపోతేనే కదా కూరేది?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఏదో తప్పు మాట్లాడానని తెలిసింది గానీ, అదేమిటో తెలియలేదు. అలాంటప్పుడు నాకు తెలిసిన దారి ఒకటే, ఇంకా ఎక్కువ మాట్లాడటం. గడ్డిదూడ సంగతంతా ఏకరువు పెట్టాను. తోలు ఎవరు వలుస్తారు, గడ్డి ఎంత పడుతుంది, కళ్ల దగ్గర ఎలా కుడతారు, అన్నీ. ఆమె అడ్డు రాకుండా విని, చివర్న ఒక మాట అడిగింది.

"మరి ఆ గేదెకు తెలియదా, అది తన దూడ కాదని?"

ఊళ్లో ప్రశ్నలకు నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. ఇంత మంచి ప్రశ్న నాకు రాకుండా ఆమెకు వచ్చిందే అని ఉక్రోషంతో ఇంటికి వచ్చాను. అవ్వను అడిగితే, "పాలిస్తాండాదా లేదా? ఇంగేం కావల్ల నీకు?" అని కసిరింది. అమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "ఆయమ్మకు ఒగ మొగబిడ్డ పుట్టి, ఏడాది తిరక్కుండానే పోయినాడంట. ఆ బొమ్మలు వాని కోసరం మొదలుపెట్టిందంట. ఆడికి పోయి సావు మాటలు ఎత్తొద్దు మే."

నాకు సిగ్గేసింది. అయినా మర్నాడు మళ్లీ వెళ్లాను. సిగ్గు కన్నా కుతూహలం పెద్దది. ఒట్టి దారం, లోపల డొల్లగా ఉండే ఉండ ఎట్లా అవుతుందో చూడకుండా ఉండలేకపోయాను.

ఆమె దాన్ని క్రోషా అనేది. మొదలు చూస్తే చాలా సులువు. ఒక ముడి, ముడిలోంచి కొక్కెం సూదితో దారం లాగితే ఒక కన్ను, ఆ కంట్లోంచి లాగితే ఇంకో కన్ను. పూట గడవకముందే గొలుసు వచ్చేసింది. గొలుసును గుండ్రంగా కలిపి, చుట్టు చుట్టుకూ కన్నులు పెంచుతూ పోతే గిన్నె అవుతుంది. తగ్గిస్తూ వస్తే గిన్నె మూతపడి ఉండ అవుతుంది. చిన్న ఉండ తల, పెద్ద ఉండ ఒళ్లు. అంతే కదా అనుకున్నాను. అంతే కదా అనుకున్న ప్రతి పనీ నన్ను ఏడిపించే వదిలింది, దీనితోనే మొదలు.

పెంచడం మరిచిపోతే గిన్నె కాస్తా గొట్టమయ్యేది. ఎక్కువ పెంచితే అంచు వేయించిన అప్పడంలా వంకర్లు పోయేది. చుట్టు మొదలైన చోట గుర్తుకు వేరే రంగు దారపు ముక్క పెట్టుకోమంటే, నాకు గుర్తుంటుందిలే అనేదాన్ని. ఉండేది కాదు. కోపమొచ్చి దారం బిగించి లాగేదాన్ని. బిగిస్తే సూది దూరదు, దూరకపోతే ఇంకా కోపం. "అల్లేది నువ్వా, నీ కోపమా?" అనేది టేషనమ్మ.

నాయన సైకిలు పుల్ల ఒకటి అరగదీసి, కొన వంచి నాకు సొంత సూది చేసిపెట్టాడు. చింతపండు అమ్మడానికి హిందూపురం సంతకు పోయినప్పుడు ఊదారంగు ఊలు తెచ్చాడు. దాంతో కుందేలును చేశాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, నా కుందేలు కోతి కూడా కాలేదు.

"వంకాయ నిగనిగలాడతాండాదే!" అన్నాడు నాయన.

"వంకాయకు కొమ్ములెందుకురా?" అంది అవ్వ.

"అవి చెవులవ్వా!" అని అరిచి ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా ఒక సంగతి కనిపెట్టాను. చివరి కంట్లోంచి దారం కొస లాగి బిగించడం నేను మరిచిపోయాను. కొస పట్టుకుని లాగితే కుందేలు చుట్టు తర్వాత చుట్టు గిర్రున విడిపోయి, కాసేపట్లో చేతిలో ముడతలు పడ్డ దారం మిగిలింది. జంతువు మళ్లీ దారమైపోవడం నాకు ఎంత అబ్బురమనిపించిందంటే, ఏడుపు మరిచిపోయాను. టేషనమ్మకు చెబితే తల పట్టుకుంది. "కొస బిగించు అమ్మాయ్, కొస బిగించు. అల్లిక అంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు," అని పదేపదే చెప్పింది. అదే దారంతో మళ్లీ మళ్లీ కుందేళ్లు అల్లాను, పదేపదే మరిచిపోయాను.

ఇంతలో అవ్వ అడ్డం తిరిగింది. మా ఎనుము సూడితో ఉంది. సూడి ఎనుమున్న ఇంట్లో కూరిన జంతువు ఉండకూడదట. "పుట్టకముందే గడ్డిదూడను ఎదురుపెడతావా? తీసుకుపో," అని నా కుందేళ్లనూ, అరకొర ఏనుగునూ గడప దాటించింది. ఇక నా అల్లికంతా స్టేషను వరండాలోనే. రైలు వచ్చి పోయేలోగా ఒక చెవి అల్లేదాన్ని.

ఆ ఏడే మాకు తమ్ముడు పుట్టాడు. వాడు పుట్టిన కొన్నాళ్లకే అమ్మకు విషజ్వరం పట్టుకుంది. మనిషి దక్కింది గానీ పాలు ఎండిపోయాయి. వానలు లేని సంవత్సరం, ఊళ్లో పాడి అంతంతమాత్రం. ఉన్న పాలు తెల్లారేసరికి పెనుకొండ హోటళ్లకు పోయేవి. డబ్బాపాలు పడితే వాడు కక్కేవాడు. దేవుడి దయ అన్నట్టు అప్పుడే మా ఎనుము ఈనింది. ఆ పాలలో నీళ్లు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పోస్తే వాడు గుటగుట తాగి నిద్రపోయేవాడు. అమ్మ మంచంలోనుంచి వాడి గొంతు కదలడమే చూస్తుండేది.

నెల తిరక్కముందే గడ్డివామి దగ్గర దూడను పాము కరిచింది.

తోలు వలిపిద్దామని నాయన అన్నాడు. అవ్వ ససేమిరా ఒప్పుకోలేదు. "తల్లి నాకేదే ఆ తోలును కదరా! విషం దాని నోట్లోకే పోతాది. పాలు పసిబిడ్డ తాగల్ల. మతి ఉండాదా నీకు?" దూడను అట్లాగే పూడ్చిపెట్టారు. ఆ సాయంత్రం ఎనుము మెడ తిప్పి తిప్పి వెనక్కు చూసింది. అవ్వ పొదుగు నిమిరింది, తవుడు పెట్టింది, బతిమాలింది, తిట్టింది. ముంత అడుగు కూడా తడవలేదు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. నాకు చాలా భయమేసింది. వాడు కూడా టేషనమ్మ కొడుకులా పోతాడేమోనని నాకు అనిపించింది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తెల్లారగానే పరుగెత్తుకుంటూ స్టేషనుకు పోయి, "దూడను అల్లల్ల!" అన్నాను ఆయాసంతో.

టేషనమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చెప్పులు తొడుక్కుంది.

మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద నిలిపే కాపరి ఒకాయన ఉండేవాడు, రొళ్ల వైపు మనిషి. గొర్రెల వెంట నడుస్తూనే కదురు తిప్పి ఉన్ని వడికేవాడు. నాయన పోయి అడిగితే నల్ల ఉన్ని ఉండలు సంచి నిండా ఇచ్చి, "ఎనుముకు కంబళి నేస్తారేమప్పా?" అని నవ్వాడట. ఆ లావు దారానికి సైకిలు పుల్ల చాలదని నాయన వెదురుపుల్లను చెక్కి కొక్కెం చేశాడు. "తలా మెడా చాల్లే, దాని ముక్కుకు తగిలేది అదే," అంది అవ్వ. ఇప్పుడామెకు కూరిన జంతువంటే అభ్యంతరమేమీ లేదు. నేను ఒప్పుకోలేదు. కాళ్లు లేని దూడ దూడేమిటి? టేషనమ్మ తల, ఒళ్లు అల్లుతుంటే నేను కాళ్లు అల్లాను. నాలుగూ నాలుగు పొడవులు వచ్చాయి. ధర్మవరంలో పట్టు నేసే మా మేనత్త ఎప్పుడో పంపిన దారపు ముక్కల్లో ఎర్రవి ఏరి నాలుక కూడా పెట్టాను. చచ్చిపోయిన దూడ పడుకున్న గడ్డినే దాని పొట్టలో కూరాం.

సాయంత్రం దాన్ని ఎనుము ముందు నిలబెట్టాం. అది ముక్కు చాచి, బుస్సున ఊది, రెండడుగులు వెనక్కు పోయింది.

"గొర్రె వాసనబ్బా!" అంది అవ్వ నుదురు కొట్టుకుంటూ. ఎవరికీ తట్టలేదు. గొర్రె వెంట్రుకలతో ఎనుముదూడను చేసి ఎనుమును నమ్మమంటున్నాం! గడ్డి బయటికి తీసి, కుంకుడుకాయ రసంతో రుద్ది రుద్ది ఉతికాం. ఆరాక మళ్లీ గడ్డి కూరి, దూడను కట్టిన పాత పలుపు దాని మెడకు కట్టాం. అవ్వ ఒళ్లంతా ఉప్పునీళ్లు చల్లి తవుడు పూసింది.

ఈసారి ఎనుము చాలాసేపు వాసన చూసింది. తర్వాత పెద్ద నాలుక చాపి మెడ మీద ఒకసారి నాకింది. ఉప్పుకోసమో, పలుపు వాసనకో, నాకు తెలియదు. మళ్లీ నాకింది. అవ్వ నోరు మూసుకొమ్మని మాకు సైగ చేసి పొదుగు కింద కూర్చుంది. కాసేపటికి ముంతలో చుయ్‌మని మొదటి ధార పడింది. టేషనమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గంతులేశాను.

తమ్ముడికి పాలు దొరికాయి. నాకు పెద్ద పని దొరికింది. టేషనమ్మ ప్రశ్నకు జవాబు కనిపెట్టాలి. ఎనుముకు తెలుసా, తెలియదా? దూడను వెనకముందులుగా తిప్పి పెట్టి చూశాను, తోక దగ్గర నాకింది. ఇంకోపూట దూడ బదులు నా ఊదారంగు కుందేలును పెట్టాను, దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. అంటే తెలియదనుకున్నాను. కానీ కొట్టంలో పక్కనే వదిలినా ఎనుము ఒక్కసారైనా ఉన్నిదూడను పాలకు పిలవలేదు, దాని కోసం అరవలేదు. అంటే తెలుసా? అనుమానం పెనుభూతమన్నారు. ఎనుము ఏ క్షణాన కనిపెట్టేస్తుందో, పాలు ఎప్పుడు ఆగిపోతాయో అని రోజూ దూడ ఊడిన చోటల్లా కుట్టుకుంటూ కాపలా కాసేదాన్ని.

ఒక సాయంత్రం టేషనమ్మ తన శిష్యురాలి దూడను చూడ్డానికి వచ్చింది. అవ్వ పాలు పితుకుతోంది. ఎనుము దూడ ముందరి కాలును నాకుతోంది. నేను అల్లిన కాలు. దాని నాలుకకు ఒక దారం కొస తగులుకుంది. నేను చూస్తుండగానే ఎనుము తల పైకెత్తింది, దారం గిర్రున సాగింది. కొస బిగించలేదు! చుట్టు తర్వాత చుట్టు కాలు విడిపోయింది. కాలు కుట్టిన చోట పొట్ట నోరు తెరిచి గడ్డి బయటికి వచ్చింది. ఎనుము దారం విదిలించుకుని, ఒకసారి ఆ గడ్డిని చూసి, ఒక పరక లాగి నమలడం మొదలుపెట్టింది.

"అయ్యో! దానికి తెలిసిపోయ! ఇంగ తమ్మునికి పాలెట్లా?" అని ఏడుపందుకున్నాను. పోయి దూడను లాక్కోబోతే టేషనమ్మ నా భుజం పట్టుకుని ఆపింది.

"ముంత చప్పుడు విను," అంది.

విన్నాను. ధార ఆగలేదు. చుయ్, చుయ్‌మని పడుతూనే ఉంది. ఎనుము దూడ కడుపులోని గడ్డిని తాపీగా నమిలి మింగింది. తర్వాత మళ్లీ వంగి, మిగిలిన ఆ ఒట్టి ఉన్ని మెడను నాకింది.

టేషనమ్మ నేల మీద పడ్డ నల్ల దారాన్ని ఏరి వేళ్లకు చుట్టుకుంటోంది. చుట్టడం ఆపకుండా, ఎనుమును చూస్తూ చెప్పింది.

"దానికి మొదటి రోజే తెలుసు అమ్మాయ్. తెలిసే నాకుతుంది."

అవ్వ పొదుగు కిందనుంచి తల ఎత్తకుండానే అంది. "మాటలాపండమ్మా. పాలు దిగతాండాయి."