ఆలేరు దీపాల కింద లాంతరు

ఆలేరు స్టేషనుకు కరెంటు దీపాలు పెట్టారని, సాయంత్రమైతే ప్లాట్‌ఫారం పట్టపగలులా ఉంటుందని మా వీధిలో ఒకాయన ఊదరగొట్టాడు. సగం కోతలే అనుకుంటూనే, ఆదివారం భోంచేసి సికింద్రాబాదులో ప్యాసింజరెక్కాను. భువనగిరి గుట్ట దాటాక ఎండ తగ్గింది. ఆలేరులో దిగేసరికి నాలుగున్నర.

స్టేషను బయట మిరపకాయ బజ్జీలు, చాయ్ దొరుకుతాయి. వెళ్ళేవాళ్ళు బజ్జీలు తినండి, చాయ్ సంగతి నన్నడక్కండి. కొత్త స్తంభాల్లో ఒకదాని కింద ఎల్లవ్వ అనే ఆమె లాంతరు పక్కన పెట్టుకుని కూర్చుంది. కూతురు తొలికాన్పుకు జనగామ నుంచి ఒంటరిగా వస్తోందట, అల్లుడికి సెలవు దొరకలేదట. ఆమె వచ్చే బండిలోనే నేను తిరిగి వెళ్ళాలి.

"చీకట్ల మన స్టేషన్ ఆనదు సారూ. లాంతరు ఊపుతుంట, గది జూసి దిగుమని కబురంపిన," అంది.

పొద్దుగూకింది. దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా, ఇంట్లో దీపం పెట్టినప్పటిలాగే, చేతులు జోడించారు. నా చేతులూ వాటంతటవే కలిశాయి. మా వీధి ఆయన కోతలు కోయలేదు. ఎల్లవ్వ లాంతరు ముట్టించింది గానీ, ఆ వెలుగులో అది వెలవెలబోయింది.

బండి వచ్చింది. ఎక్కి చూస్తే, కిటికీ దగ్గర నిండు గర్భిణి ఒకామె ఒళ్ళో మూటతో బయటికి చూస్తోంది, లేవడం లేదు. ఎల్లవ్వ బిడ్డవేనా అంటే ఔనంది. ఆలేరు వచ్చింది, దిగమన్నాను. నమ్మలేదు.

"మా ఆలేరు గిట్లుంటదా? గిదేదో పట్నం. మా అమ్మ లాంతరేది?"

ఇక్కడ దిగకపోతే ఇక భువనగిరే, చీకట్లో, ఒంటరిగా. గార్డు ఈల ఊదాడు. కిటికీలోంచి తల బయట పెట్టి ఎల్లవ్వను గొంతు చించుకుని పిలిచాను. చివరి పెట్టెల దగ్గర లాంతరు ఊపుతున్న ఆమె పరుగెత్తుకొచ్చింది.

"దిగు బిడ్డా, మన ఊరే," అంది.

తల్లి గొంతు విన్నాకే ఆ పిల్ల లేచింది. దింపి మూట అందించానో లేదో, బండి కదిలింది.

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. తల్లీ కూతుళ్ళు స్తంభాల వరస దాటారు. కరెంటు అక్కడికే, ఊళ్ళోకి పోయే బాటంతా చీకటి. ఎల్లవ్వ లాంతరు వత్తి పెంచి కూతురి కాళ్ళ ముందు పట్టింది. ఆలేరు దీపాలు చూడదగ్గవే, వెళ్ళి చూడండి. సికింద్రాబాదు చేరేదాకా నా కళ్ళలో ఉన్నది మాత్రం ఆ లాంతరే.