ఎవరూ పాడని చరణం

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. సూరత్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను. తెర మీద ఏ వింత కనిపించినా దానికి ఒక కేబులో, కెమెరానో, పని సరిగ్గా చేయని మనిషో కారణమై ఉండాలి. ఈ ఒక్కదాంట్లో ఆ మనిషి ఎవరో నాకు దొరకలేదు. ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నాను.

సూరత్ శివార్లలోని మా ఉన్ ప్రాంతంలో 'పడుగు' అని ఒక రాక్ బ్యాండ్ ఉంది. నలుగురూ తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాల పిల్లలే. పాడేది రాజు. అభిమానులంటే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్లు, వాళ్ల అక్కచెల్లెళ్లు. షిఫ్టు దిగి తలలో నూలు పోగులతోనే వచ్చేస్తారు. రింగ్ రోడ్ మార్కెట్లో మిగిలిపోయిన చీర ముక్కలతో ఒకేలాంటి చొక్కాలు కుట్టించుకుంటారు. రాజు ఒక మాట మరిచిపోతే మైదానమంతా అందిస్తుంది.

పోయిన చలికాలం వాళ్ల కచేరీని సినిమాగా తీసే పని నా మీద పడింది. కచేరీ అయిన మర్నాడే రాజు ఇక పాడనన్నాడు. అంతకుముందు వానాకాలంలోనే వాళ్ల నాన్న మల్లయ్య పోయాడు. అప్పటినుంచి వాడు మనిషిలా లేడు. అభిమానులు రోజూ నా గుమ్మం ముందు చేరి సినిమా ఎప్పుడవుతుందని ప్రాణం తీసేవారు. తమను తెర మీద చూస్తే రాజు మనసు మారుతుందని వాళ్ల ఆశ. పైకి విసుక్కున్నా నా ఆశ కూడా అదే.

అన్నీ కుదిరాయి, చివరి పాట తప్ప. అది రాజు వాళ్ల నాన్న మీద కట్టిన పాట. రెండు చరణాలయ్యాక చాలాసేపు గిటార్ ఒక్కటే మోగుతుంది. ఆ గిటార్ మోగుతున్నప్పుడు జనం పెదాలు కదులుతున్నాయి. ఒకరిద్దరివి కాదు, ముందు వరసల్లో అందరివీ, ఒకే మాట పలుకుతున్నట్టు. గొంతులు మాత్రం లేవు.

బొమ్మకూ శబ్దానికీ జత తప్పిందనుకున్నాను. ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. చప్పట్లు చేతులతో సరిగ్గా కలుస్తున్నాయి. పెదాలకే గొంతు దొరకడం లేదు. అన్ని కెమెరాల్లోనూ అంతే. అభిమానులు ఫోన్లలో తీసుకున్నవి తెప్పించి చూశాను, వాటిలోనూ అంతే. కంప్యూటర్ మార్చాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ముందు వరసలో నిలబడ్డ నరేశ్‌ను పిలిచి అతని మొహమే అతనికి చూపించాను. తెల్లబోయాడు.

"నేను నోరే తెరువలేదన్నా. గాడ పాటనే లేదు గదా, ఏం పాడ్త?"

మరి ఇదెవరి నోరని అరిచాను. నరేశ్ మళ్లీ మా ఇంటి వైపు రాలేదు.

మా అమ్మ చాలా ఏళ్లు సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. ఒక మధ్యాహ్నం నాకు చాయ్ ఇవ్వడానికి వచ్చి తెర ముందు ఆగిపోయింది.

"గింత మంచిగ పాడుతుంటే ఆవాజ్ ఎందుకు బంద్ వెట్టినవ్‌రా?"

నేను బంద్ చేయలేదు. ఏమంటున్నారో చెప్పమన్నాను. అమ్మ పెదాలు చదువుతూ చెప్పుకుంటూ పోయింది. బ్యాండ్ పాడిన ఏ పాటలోనూ ఆ మాటలు లేవు. రాజుకు ఫోన్ చేసి మొదటి పంక్తి వినిపించాను. ఫోన్ కట్ చేశాడు. కాసేపటికి మనిషే వచ్చి నా మీద విరుచుకుపడ్డాడు.

"గిది నీకెవరు చెప్పిన్రన్నా? ఎవరు?"

అరిచి అరిచి అలసిపోయాక విషయం చెప్పాడు. ఆ పాటకు మూడో చరణం ఒకటి ఉందట. సాంచాల మోతకు వాళ్ల నాన్నకు చెవులు పోయాయి. ఆస్పత్రిలో పక్క మంచాలవాళ్లు నిద్రపోతుంటే, గొంతు పైకి రాకుండా వట్టి పెదాలతోనే ఆయనకు ఆ చరణం పాడి చూపించాడట. మూడు పంక్తులే. నాలుగోది కుదరలేదు. కుదిరేలోపు ఆయన పోయాడు. రాజు చరణం తీసేసి అక్కడ గిటార్ పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

"మూడేంది రాజూ, నాలుగున్నయి గదా," అంది అమ్మ.

నన్ను వీడియో మళ్లీ వేయమంది. తెర వైపు చూస్తూ, వాళ్ల పెదాలతోపాటే మెల్లగా పలికింది.

సాంచ బందైతే నిద్ర రాని బాపూ,
నీ చెవులల్ల చప్పుడే ఉండిపాయె,
నా పాట నీకెట్ల ఇనిపియ్యాలె.
మొకం ఇటు తిప్పి పాడు కొడుకా, నేను చూస్త.

రాజు నేల మీద కూలబడి ఏడ్చాడు. అమ్మ వాడి తల ఒళ్లోకి తీసుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు, కోపమూ ఆగలేదు.

సినిమాను ఉన్నది ఉన్నట్టుగానే చూపించాం. రాజు మళ్లీ పాడుతున్నాడు. ఇప్పుడు ఆ పాట మూడు చరణాలతో ఉంటుంది. నాలుగో పంక్తి దగ్గర వాడు ఆగి జనం వైపు మొహం తిప్పుతాడు. వాళ్లు గొంతెత్తి అందుకుంటారు. నేను దాన్ని కూడా రికార్డు చేశాను. గొంతులు శుభ్రంగా వినిపిస్తున్నాయి.

అది మల్లయ్య పనే అని మా వాళ్లంతా తేల్చేశారు. నాకు ఒళ్లు మండుతుంది. కొడుక్కి చెప్పాలనుకున్నవాడు కొడుకు కలలోకి వెళ్లొచ్చు కదా, అంతమంది నోళ్లు ఎందుకు? వాళ్లకు తెలియకుండా వాళ్ల పెదాలు ఎలా కదిలాయి? పాత ఫైలు ఇప్పటికీ తెరిచి చూస్తుంటాను. పొరపాటు ఎక్కడుందో నాకింకా దొరకలేదు.