మీటర్ల సారు ఒప్పుకున్న తప్పు

మీటర్ల సారు పోయారని కర్నూలు బస్సు కండక్టరు చెప్పాడు. కల్లూరులో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూస్తూ ఒక వాకిట్లో కూలిపోయారట. ఆ రోజు నేను పిండిమర తెరవలేదు.

ఆయన నాకు తెలిసింది కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో. సారు కరెంటు మీటర్లు పరీక్షించే ఉద్యోగి. మైదుకూరులో నా మరకు మీటరు పెట్టిన ఏడాదికి కొత్త అధికారి వచ్చాడు. ఇంత పిండి ఆడితే యూనిట్లు ఇంత తక్కువేమిటని, నేను కరెంటు దొంగనని నడిబజారులో అన్నాడు. మర ఆపించాడు. మా అమ్మ నాలుగు రోజులు గడప దాటలేదు.

ఐదో రోజు సారు చెక్కపెట్టెతో బస్సు దిగారు. "ముందు మంచినీళ్లు ఇయ్యప్పా" అన్నారు. తాను తెచ్చిన మీటరును నా మీటరుకు కలిపి మర ఆడించమన్నారు. స్టాప్‌వాచి పట్టుకుని, లోపలి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. అలా మూడుసార్లు.

అమ్మ ఉండబట్టలేక, "ఈ యూనిట్లంటే ఏంది నాయనా?" అంది.

"వాట్లంటే ఎంత జోరుగా పోతాండామో, యూనిట్లంటే ఎంత దూరం పోయినామో చెప్తాయమ్మా" అన్నారు.

తర్వాత మీటరు సీలు మీది నంబరు చదివి నా వైపు తిరిగారు. "ఇది మొదట్నుంచీ నిదానంగా తిరుగుతాండాది. సరిగ్గా ఉండాదని రాసిచ్చింది నేనే. ఆ పొద్దు తొందర్లో చూడకుండా సంతకం పెట్టినా."

"ఆ మాట రాయొద్దు సార్. ఈ మధ్యనే చెడిందని రాయండి" అన్నాను.

"అట్ల రాస్తే నువ్వే చెడగొట్టినావంటారు. నిన్ను దొంగన్నది బజార్లో. నా తప్పూ ఆడే చెప్తా."

చెప్పారు, అధికారి ఎదుట, జనం ఎదుట. నా మర మళ్లీ ఆడింది. ఆయనను పరీక్షల పని నుంచి తీసేసి, ఇళ్లకు తిరిగి మీటర్లు చదివే పనిలో వేశారు.

నిన్న కల్లూరులో వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యతో ఇదంతా చెప్పాను. ఆమె నివ్వెరపోయింది.

"ఆ పని తానే అడిగి వేయించుకున్నానని చెప్పినాడే నాకు! కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేస్తాండాయి, నడిస్తే మంచిదని..."

నేను సెలవు తీసుకుని వీధి మలుపులో వెనక్కి చూశాను. ఆమె గోడకు ఆనించిన ఆయన సైకిలు దగ్గర నిలబడి, సీటు మీది దుమ్మును కొంగుతో తుడుస్తోంది. దుమ్మంతా పోయాక కూడా తుడుస్తూనే ఉంది.