ఫోన్ వస్తే కట్ చెయ్యమ్మా

మంథని వైపు ఒక చిన్న జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు బాటనీ చెప్పాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో, తెరిచి ఎన్నాళ్లో కాని కాలేజీని మళ్లీ మూసేశారు. ఒక సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు.

"ఎల్లుండి సంది క్లాసులన్నీ ఆన్‌లైన్ల నడవాలె మేడం. హాజరు మాత్రం పక్కాగ తీస్కోండి."

ఎలా చెప్పాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. హాజరు తీసుకోవడం ఒక్కటే మా ఇద్దరికీ బాగా వచ్చిన పని.

కరీంనగర్‌లో మా ఇంటి వెనక గదిలో బీరువా తలుపుకు చార్టు అంటించి, బియ్యం డబ్బా మీద ఫోన్ నిలబెట్టి మొదలుపెట్టాను. అప్పటికే మా చర్చిలో ఆదివారం ప్రార్థన కూడా ఫోన్‌లోకి వచ్చేసింది. దాని ముందు కళ్లు మూసుకొని కూర్చోవడం మా అవ్వకు అలవాటైంది గానీ, నా క్లాసు మాత్రం ఆమెకు నచ్చలేదు.

"పిల్లల మొకాలే సక్కగ కనవడ్తలేవు. ఎవలకు సమజైందో, ఎవలకు కాలేదో నీకెట్ల ఎర్కైతది బిడ్డా?" అంది.

విసుక్కున్నాను.

పిల్లలు తెర మీదికి వస్తూ పోతూ ఉండేవారు. ఒకరి మాట తెగిపోయేది, ఇంకొకరి బొమ్మ బిగుసుకుపోయేది. నాకు అదంతా నిర్లక్ష్యంలా కనిపించింది. మూడో రోజు నియమం పెట్టాను. మధ్యలో వెళ్లిపోతే హాజరు ఉండదు. క్లాసు నడుస్తుండగా ఎవరి ఫోన్ వచ్చినా ఎత్తకూడదు, కట్ చేయాలి.

ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన పిల్ల ఒకతె ఉండేది. రెండో సంవత్సరం. వాళ్ల ఊరు అడవి అంచున ఉంది. ఇంట్లో సిగ్నల్ అందదని గుట్ట ఎక్కి, ఒక బండ నీడన కూర్చొని వినేది. ఆమె మాట్లాడితే గాలి హోరు ముందు వినపడేది, మాట తర్వాత. ఆ ఫోన్ వాళ్ల బాపుదని, ఇంటి మొత్తానికి అదొక్కటేనని నాకు తెలియదు. నేను అడగలేదు.

ఒక శుక్రవారం పొద్దున వేరు అడ్డుకోత బొమ్మ వివరిస్తున్నాను. ఆ పిల్ల ముఖం తెర మీద ఒకసారి ఆగిపోయింది. మళ్లీ వచ్చింది. కాసేపటికి మళ్లీ ఆగింది.

"ఎందుకట్ల మాటిమాటికి పోతున్నవ్?" అన్నాను.

"ఫోన్ వస్తుంది మేడం. ఎవలదో కొత్త నంబరు."

"కట్ చెయ్యమ్మా. చెప్పిన కద."

"సరే మేడం."

మూడోసారి కూడా కట్ చేసింది. క్లాసు చివరిదాకా ఉంది. హాజరు పట్టీలో టిక్కు పెట్టాను.

మరునాటి నుంచి రాలేదు. మూడు రోజులు గైర్హాజరు వేశాను. నాలుగో రోజు, గట్టిగా నాలుగు మాటలు అనాలని ఫోన్ చేశాను. వాళ్లమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పాను.

"మా ఆయన పోయిండు మేడం. ఐదొద్దులాయె" అంది.

ఆమే చెప్పుకుపోయింది.

"కల్లంల వడ్లు ఆరవోసుకుంట ఛాతిల నొస్తుందని కూలవడ్డడు. పక్క చేనాయినను బతిమాలి బిడ్డకు ఫోన్ కొట్టిచ్చిన. మూడుసార్లు కొట్టిచ్చిన, ఎత్తలే. ఆటోల పండవెట్టినంక గూడ బిడ్డేది, బిడ్డేది అన్నడు. జరసేపు ఆగినం. ఎంతసేపని ఆగుతం? పెద్దపల్లి రాకముందే పానం పోయింది."

చివరికి కూతురి తరఫున నాకు సంజాయిషీ ఇస్తున్నట్టు అంది: "దానికి క్లాసుండె మేడం."

ఫోన్ పెట్టేశాక ఆ గదిలోనే నేల మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల వచ్చి ఉంటే ఆయన బతికేవాడని ఎవరూ అనలేరు. కడసారి చూపు మాత్రం దక్కేది. క్లాసు అయ్యాక ఆమె గుట్ట దిగి వెళ్లేసరికి ఇల్లు తెరిచే ఉందట, లోపల ఎవరూ లేరట.

తర్వాతి వారం హాజరు తీయడం మానేశాను. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ విడిగా ఫోన్ చేసి, ఆ ఫోన్ ఎవరిదో, ఎప్పుడు చేతికొస్తుందో అడిగాను. పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా నా గొంతులో రికార్డు చేసి పంపాను. తీరినప్పుడు వినుకోమన్నాను. ప్రిన్సిపాల్‌కు కోపం వచ్చింది. రానిచ్చాను.

కొన్నాళ్లకు కొత్తగా ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెడుతున్న లెక్చరర్లకు నాలుగు సలహాలు చెప్పమని నన్ను పిలిచారు. అదీ ఫోన్‌లోనే. అవతలి ఇంట్లో ఏం జరుగుతోందో మనకు కనపడదు, కాబట్టి గదమాయించేముందు అడగండి అని చెప్పాను. పాఠం ఆగినా ఫరవాలేదు, వచ్చిన ఫోన్ ఎత్తనివ్వండి అన్నాను. ఒకాయన, "మరి డిసిప్లిన్ సంగతేంది మేడం?" అని అడిగాడు. ఆ శుక్రవారం గురించి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ధైర్యం లేకపోయింది.

ఆ ఏడు పరీక్షలు లేకుండానే అందరినీ పాస్ చేశారు. మెమోలు ఇచ్చే రోజు ఆ పిల్ల వచ్చింది. చిక్కిపోయింది. స్టాఫ్ రూములో ఇద్దరమే ఉన్నప్పుడు, "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. కట్ చెయ్యమన్నది నేనే" అన్నాను.

"మీకు ఎర్క లేదు కద మేడం" అంది తల వంచుకొని. తర్వాత మెల్లగా, "నేనే సోంచాయించి ఎత్తాల్సింది. ఒక్కటే నంబరు మూడుసార్లు వచ్చింది" అంది.

తప్పు నీది కాదని, నువ్వు నా మాట విన్నావంతేనని మళ్లీ మళ్లీ చెప్పాను. తల ఊపింది. అర్థం కాని పాఠానికి కూడా పిల్లలు అలాగే తల ఊపుతారు.

డిగ్రీలో చేరమంటే, చూస్తా మేడం అని వెళ్లింది. చేరలేదు. పెద్దపల్లిలో ఒక బట్టల షాపులో పనికి కుదిరిందని ఆమె క్లాస్‌మేట్ చెప్పింది.