జర్నేలు దొర ఇంట ఎనభై పళ్ళేలు

మోకాళ్ళ నొప్పి అంటే మొన్న నా మనవరాలు రంగూన్ శివార్లలోని లైంగ్‌థార్యార్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అది అక్కడే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ముప్పాతిక బర్మా మాటలే. బల్ల దగ్గరున్న నర్సు పిల్ల నా బొట్టూ చీరా చూసి, ముసలావిడకి బర్మా భాష రాదని జాలిపడిందేమో, వయసెంతని ఇంగ్లీషులో అడిగింది. నేను "ఏటి?" అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా తలూపి కాగితం మీద ఎనభై వేసేసింది. ఇంగ్లీషులో ఎనభైని "ఎయిటీ" అంటారు, మా "ఏటి" ఆ పిల్ల చెవికి అలాగే వినపడింది. నాకు డెబ్బై ఒకటి. మనవరాలు దిద్దించబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాను. నవ్వు ఆగక మోకాలి సంగతే మరిచిపోయాను.

మాది గంజాం వైపు. మా తాత రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. నాన్నా నేనూ ఇక్కడే పుట్టాం. మా ఇళ్ళలో ఒక అలవాటుంది. ఎదుటి మనిషి మాట శుభ్రంగా వినపడినా సరే, ముందు "ఏటి?" అంటాం. చెవుడు కాదు, జవాబు వెతుక్కోవడానికి కాస్త వ్యవధి తీసుకోవడం. మా నాన్నకి ఈ అలవాటు మరీ ఎక్కువ, పెళ్ళిపీటల మీద పురోహితుడిని కూడా "ఏటి?" అన్నాడట. అలాంటి మనిషి ఇంగ్లీషు బాగా వచ్చునని ధైర్యంగా చెప్పి అమెరికా రాయబారి ఇంట్లో వంటవాడిగా చేరాడు. నిజానికి ఆయనకి వచ్చినవి కూరగాయల పేర్లు, "ఎస్ సర్", ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. ఆ బంగళా వెనక పనివాళ్ళ గదుల్లో ఒకటి మాది.

ఆ రాయబారి అంతకుముందు సైన్యంలో జనరల్. నాన్న నోట్లో మాత్రం ఎప్పుడూ "జర్నేలు దొర". ఆరడుగుల పైన పొడుగు, నడుస్తుంటే వరండా చెక్కలు ముందే కబురు చెప్పేవి. పెద్ద యుద్ధంలో ఈ దేశానికి ఉత్తరాన కొండలు తొలిచి రోడ్డు వేయించాడట. తల నెరవకముందే జనరల్ అయ్యాడట. యుద్ధం ముగిశాక, కొట్టుకుంటున్న రెండు వర్గాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని అప్పగిస్తే, ఫిరంగుల కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ భయపడ్డాడట. ఆ తర్వాత యూనిఫాం విప్పేసి, ఎక్కడ గొడవలుంటే ఆ దేశానికి రాయబారిగా వెళ్ళడమే ఉద్యోగమైంది. ఈ జీవిత చరిత్రలో సగం, నాన్న "ఏటి?" అన్నాక దొర రెండోసారి చెప్పినది. మిగతా సగం నాన్న సొంతం. ఏది ఎవరిదో నన్నడగవద్దు.

అవి చెడ్డ రోజులు, నాకప్పుడు పదకొండో పన్నెండో. సైన్యం గద్దెనెక్కింది. తిరగబడిన కాలేజీ పిల్లల మీద కాల్పులు జరిగాయి. దుకాణాలన్నీ సర్కారు పరమయ్యాయి. పని పోయిన మనవాళ్ళు ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోతున్నారు. నాన్నకి కొలువుంటేనే మాకు ఇక్కడ ఉండడానికి కాగితం. కొలువు పోతే మేమూ ఓడెక్కాలి, ఎన్నడూ చూడని ఊరికి. దొర సంగతీ అంత గొప్పగా లేదు. విదేశీయుల ఇళ్ళకి వెళ్ళవద్దని అధికారులకి హుకుం వచ్చింది. గేటు దగ్గర సైనికుడొకడు వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునేవాడు. నెలల తరబడి ఆ ఇంటికి అతిథి లేడు. ఒక రోజు దొర వంటింట్లోకి వచ్చి, ఇలా కూర్చుంటే లాభం లేదు, పై వారం మధ్యాహ్నం విందు పెడదాం, నువ్వు ఎంతమందికి వండగలవు, అంతమందినీ పిలుస్తాను అన్నాడు. నాన్న అలవాటు ప్రకారం "ఏటి?" అన్నాడు. దొర ఆయన భుజం తట్టి సంతోషంగా వెళ్ళిపోయాడు.

అద్దె కుర్చీలు దిగుతుంటే గానీ సంగతి బయటపడలేదు. అమ్మ లెక్కపెట్టి లబోదిబోమంది. "ఓలమ్మో, ఎనబై మందికి వొండుతానన్నావేటి మావా? బుర్ర గాని తిరిగిందేటి నీకు? ఎల్లి దొరకి సెప్పు, నాను అలాగ అన్లేదని!"

నాన్న పొయ్యి ముందు కూలబడి కట్టె ఎగదోశాడు. "ఏటని సెప్పమంతావే? ఇంగిలీసు రాదని సెప్పాల. ఆ మాట సెప్తే ఓడే గతి. నా నోటంట వొచ్చీసింది, వొండీడమే," అన్నాడు.

ఇక మా ఇంట్లో మరో మాట లేదు. తెల్లారకముందే అమ్మా నేనూ చిమిండైంగ్ బజారుకి నడిచి, రేవులో చేపలు పడవ దిగుతుండగానే బేరమాడేవాళ్ళం. ఇంగ్లీషు వంటకాలకి సరుకు దొరకదని నాన్న తేల్చేశాడు. పలావు, కోడికూర, చేపల వేపుడు, బంగాళాదుంపలు. కోళ్ళు ఎలాగో దొరికాయి. బియ్యానికి నాలుగు వీధుల పనివాళ్ళు తమ రేషన్ వాటాలోంచి తలా డబ్బాడు ఇచ్చారు. నూనె మాత్రం ఎక్కడా లేదు. పబేడాన్ పేటలో మనవాడి పూటకూళ్ళ కొట్టు ఒకటుండేది, బోర్డు అప్పటికే దించేశారు. ఆయన మంచం కింద దాచిన నూనె డబ్బా బయటికి లాగి, "వొచ్చే ఓడకి ఎలిపోతన్నానన్నా, నాకింకెందుకిది? అట్టుకుపో. డేగిసాలు నానే తెస్తాను," అన్నాడు. ఆ మనిషి ముఖం చూడలేక నాన్న గోడవైపు తిరిగి డబ్బా ఎత్తుకున్నాడు.

విందు రోజు పొద్దున్నే దొర వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. దుంపల గుట్ట చూసి, చొక్కా చేతులు మడిచి, పీట మీద కూర్చుని చెక్కు తీయడం మొదలుపెట్టాడు. ఆ తొక్క తెగకుండా జారడం చూసి అమ్మ నోరెళ్ళబెట్టింది. సైన్యంలో చేరిన కొత్తలో తనకి పడిన శిక్షలన్నీ దుంపలే అన్నాడు దొర. ఆ చేతులు రోడ్డు వేయించాయో లేదో నేను చెప్పలేను గానీ, దుంపల సంగతి మాత్రం నా కళ్ళతో చూసిన చరిత్ర.

మధ్యాహ్నమైంది. వచ్చినవాళ్ళు పందొమ్మిది మంది. మిగతా కార్లు గేటు దాకా వచ్చి, పేర్లు రాసే సైనికుణ్ణి చూసి తిరిగిపోయాయి. పచ్చిక మీద ఖాళీ కుర్చీలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దొర కాసేపు గేటువైపే చూశాడు. ఓడిపోయాడనుకున్నాను. లేచి వెనక్కి వచ్చి, ఎనభై మందికని వండాం, ఎనభై మందీ తినాల్సిందే, నీ వాళ్ళందరినీ పిలువు అన్నాడు. వెనక గదుల్లోని పనివాళ్ళూ వాళ్ళ పెళ్ళాం పిల్లలూ, పక్క బంగళాల మాలీలూ డ్రైవర్లూ, డేగిసాలతో వచ్చిన పూటకూళ్ళాయనా అతని కుటుంబమూ వచ్చారు. చివరికి ఆ పేర్లు రాసే సైనికుడు కూడా కాగితం జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. దొరే వడ్డించాడు. కవాతులో మనుషుల్ని లెక్కపెట్టినట్టు వేలు చూపిస్తూ లెక్కపెట్టుకొచ్చాడు. డెబ్బై తొమ్మిది. ఒక్క కుర్చీ మిగిలింది. దొర ఒక పళ్ళెం నిండా వడ్డించి, పొయ్యి దగ్గర మసిబట్టతో నిలబడ్డ మా నాన్న చేతికి ఇచ్చి ఆ కుర్చీ చూపించాడు.

ఆ ఇంట్లో కుర్చీ ఎక్కి ఎరగని నాన్న బిత్తరపోయి, "ఏటి?" అన్నాడు.

"అవును, ఎనభై," అని దొర పడీపడీ నవ్వాడు. ఆ మాటకి అర్థం అప్పటికే తెలిసి నవ్వాడా, తెలియక నవ్వాడా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నాన్న మాత్రం ఆ పలావు తింటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పు తగ్గిందని అమ్మ మీద పెట్టి తప్పించుకున్నాడు. దొర మరో గొడవల దేశానికి వెళ్ళిపోయినా నాన్న కొలువు పోలేదు. పూటకూళ్ళాయన ఓడ మేము రేవులో నిలబడి చూశాం. మేము ఎక్కలేదు.

క్లినిక్ నుంచి తిరిగొస్తుంటే రోడ్డు మీద మళ్ళీ సైనికుల తనిఖీ, బస్సు గంటసేపు ఆగింది. మనవరాలు ఇంకా సణుగుతూనే ఉంది. "అఫ్వా, నువ్వు ఎనబై కాదు గదా! ఎందుకు సెప్పలేదు?" అఫ్వా అంటే బర్మా మాటలో అమ్మమ్మ. దానికేం చెప్పను? కాలం కూడా మన మాట సరిగ్గా వినిపించుకోదు, తనకి తోచిన అంకె రాసేసుకుంటుంది, అందుకు సరిపడా వండిపెట్టడం మన పని. నాకింకా తొమ్మిదేళ్ళ వంట ఉంది.